వీసా... ఒక్క షాట్‌లో!

మద్రాసు నుంచి హైదరాబాద్‌కు మకాం మార్చడానికి మన సినిమావాళ్లకు ఏళ్లూ పూళ్లూ పట్టింది. అక్కినేని 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచేనాటికి చుట్టూ బండరాళ్లే. అదే ఫిల్మ్‌నగర్ కథలో హీరో అమెరికా వెళ్తే? శంషాబాద్‌లో విమానం ఎక్కుతాడు, తర్వాతి షాట్‌లో టైమ్స్ స్క్వేర్‌లో స్టెప్పేస్తాడు! క్రెడిట్ హిస్టరీ లేదంటూ ఇల్లు అద్దెకివ్వని మేనేజరు కనపడడు. ఇండియన్ స్టోర్లో గోంగూర కట్ట చూసి మురిసిపోవడమూ ఉండదు. (ఆ ఒక్కదానికే అక్కడి మనవాళ్లు డాలర్లను రూపాయల్లో లెక్కేసుకోరు లెండి.) నిజంగా అమెరికా వెళ్లిన కుర్రాడేమో హాల్లో నేలమీద పరుపేసుకుని, ఉద్యోగం ఫోన్ కోసం ఎదురుచూస్తూనే, ఆ హీరో సినిమా ప్రీమియర్ టికెట్‌కు డాలర్లు తీస్తాడు. మర్నాడు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర పోస్టరు: ‘మిలియన్ డాలర్ల మొనగాడు’. మొనగాడంటే హీరోగారేనట!