ఇంతకీ మీరు ఏ పార్టీ?

వీధిలో గుంత పూడ్చమంటే ‘ప్రతిపక్షం మనిషి’. పూడ్చాక బాగుందంటే ‘అధికార పక్షం భజన’. రెండూ అన్నవాడు ‘గోడమీద పిల్లి’! రాత్రికి రాత్రి కండువా మార్చిన నాయకుడికి మాత్రం పూలదండ, ఫ్లెక్సీ, సాదర స్వాగతం.

1985 నాటి ఫిరాయింపుల నిషేధ చట్టం పుణ్యమా అని, పార్టీ ఆదేశమైన విప్‌ను ధిక్కరించి ఓటేస్తే ఎమ్మెల్యే పదవికే ఎసరు. అదే, ఒక పార్టీ ఎమ్మెల్యేల్లో మూడింట రెండు వంతుల మంది కలిసి దూకితే ‘విలీనం’. ఒంటరిగా ఆలోచిస్తే తప్పు, గుంపుగా గోడ దూకితే ఒప్పు!

అయ్యా, విప్ ఉన్నది సభలో సభ్యులకు, ఓటరుకు కాదు. మరి మన బుర్రకు మనమే కండువా కప్పడమెందుకు? గుంతకు పార్టీ లేదు, అందులో పడి విరిగిన నడుముకూ లేదు.