ద్వారబంధం మీద గీతలు

సంక్రాంతికి ఊరు రావాలంటే కార్తీకమాసంలోనే రైలు టిక్కెట్టు తీసుకోవాలి. 2024 నవంబరు నుంచి రైల్వేవాళ్ళు ముందస్తు రిజర్వేషన్ గడువుని 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గించారు. అంచేత భోగి నాటికి ఇల్లు చేరాలనుకున్నవాళ్ళు నవంబరు రెండో వారంలో, పొద్దున్న ఎనిమిదింటికల్లా ఫోను పట్టుకుని కూర్చోవాల్సిందే. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరికినా పని అయిపోదు. అమలాపురానికి ఇంకా రైలు లేదు. రాజమండ్రిలో దిగి, నిద్ర తీరని పిల్లని భుజాన వేసుకుని, పెట్టెలు ఈడ్చుకుంటూ, రావులపాలెం మీదుగా బస్సో కారో పట్టుకుని రావాలి.

ఇంత అవస్థా పడి వచ్చేది మూడు రోజులకి. ఆ మూడు రోజుల్లో పిల్లలకి పండగ దొరుకుతుంది గాని తాతా మామ్మా దొరకరు. మామ్మ పొయ్యి దగ్గర అరిసెల పాకం చూసుకుంటూ ఉంటుంది. తాతయ్య వీధరుగు మీద వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ ఉంటాడు. పిల్లలు మండువాలో అటూ ఇటూ పరిగెత్తి, కొత్త బట్టల్లో ఫొటోలు దిగి, నిద్రకళ్ళతో బండెక్కుతారు. మామ్మ మామ్మలా దొరకాలంటే ఎండాకాలం మధ్యాహ్నాలు కావాలి. అమ్మానాన్నలు పక్కన లేకుండా, ఏ పనీ లేకుండా, నాపరాళ్ళ మీద తడిగుడ్డ పరుచుకుని పడుకున్న మధ్యాహ్నాలు. తాటిముంజె కంట్లో బొటనవేలు గుచ్చి నీళ్ళు జుర్రుకోవడం, చింతపిక్కలతో వామనగుంటలాడడం, అడిగిన కథే మళ్ళీ అడగడం అప్పుడే కుదురుతాయి. బళ్ళో పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి చూస్తూనే ఉంటాను. ఒక్క వేసవి మామ్మ దగ్గర గడిపి వచ్చిన పిల్లకి మాట వస్తుంది, పాట వస్తుంది, ఓర్పు వస్తుంది.

మా ఎదురింటి పిన్నిగారికి పోయిన ఎండాకాలం ఆ భాగ్యం దక్కింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకూ కోడలూ మే నెలలో మనవరాల్ని తొలిసారి ఇక్కడ వదిలి వెళ్ళారు. ఆ నెల్లో పిన్నిగారి మొహంలో వచ్చిన కళ నేను మరిచిపోలేను. పొద్దున్నే పిల్లని చంకనేసుకుని బాతుల్ని చూపించడానికి కాలవగట్టుకి బయల్దేరేవారు. జూన్‌లో బళ్ళు తెరిచే వేళకి పిల్ల వెళ్ళిపోతే, వారం రోజులపాటు మా ఇంటికొచ్చి అది అన్న మాటలన్నీ అప్పజెప్పారు.

వాళ్ళది పాతకాలపు మండువా ఇల్లు. వీధిగుమ్మానికి జానెడు వెడల్పున్న టేకు ద్వారబంధం. దాని ఎడమవైపు కమ్మీ మీద బాబాయిగారు వడ్రంగి పెన్సిలుతో కొడుకు ఎత్తు గీసేవారట, ఏటా సంక్రాంతికి. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి, రంగు వేసేవాళ్ళని అక్కడ చెయ్యి పెట్టనివ్వలేదు. 2023లో మనవరాలు గుమ్మం పట్టుకుని కుదురుగా నిలబడే ఈడుకొచ్చాక కుడివైపు కమ్మీ మీద దాని లెక్క మొదలైంది. తన ఎత్తు గీయగానే అది మామ్మని కూడా లాక్కొచ్చి నిలబెట్టింది. మామ్మ నెత్తి మీద అట్ట ఆనించి తాతయ్య గీత గీశారు. కింద పిల్ల గీత, పైన మామ్మ గీత, పక్కన సంవత్సరం. అలా 2024, 2025.

ఈ ఏడు భోగి నాటి సాయంత్రం భోగిపళ్ళకి మమ్మల్ని పిలిచారు. పిల్లకి ఐదు నిండాయి. ఐదేళ్ళలోపు వాళ్ళకే పోయాలని కొందరంటారు, పదేళ్ళ దాకా పోయొచ్చని కొందరంటారు. పిన్నిగారు రెండో మాటే పట్టుకున్నారు. రేగిపళ్ళు, నానబెట్టిన శనగలు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు పళ్ళెంలో కలిపి సిద్ధం చేశారు. కొడుకూ కోడలూ బట్టల కోసం మధ్యాహ్నమే అమలాపురం వెళ్ళి, అప్పుడే తిరిగొచ్చారు. పిల్లని కూచోబెట్టడానికి పీట కావాలని కోడలు అటక కేసి చూస్తుంటే, ఆ టేకు పీట వీధిగుమ్మం పక్కనే గోడకి చేరేసి కనిపించింది. బాబాయిగారు ముందే దింపి ఉంచారన్నమాట. దాన్ని తుడిచి పసుపు రాసి మండువాలో వేశారు. పిల్ల నెత్తిన దోసిళ్ళతో పోస్తుంటే అది కిలకిల నవ్వింది. పిన్నిగారు కొత్తచీర కుచ్చెళ్ళు కాళ్ళకి అడ్డం పడుతుంటే మాటిమాటికీ పైకి దోపుకున్నారు.

దిష్టి తీశాక పిల్ల వెళ్ళి మామ్మ నడుం వాటేసుకుంది. "పోయినేడు బొడ్డు దగ్గరికొచ్చేదాన్ని, ఇప్పుడు గుండె దగ్గరికొచ్చా!" అంది. ఎంత ఎదిగిపోయిందో అని అందరం మురిసిపోయాం.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. మొసలపల్లి దగ్గర ఆ కొబ్బరితోటలోకి పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు ప్రభల్ని కౌశిక నీళ్ళలోంచి మోసుకొచ్చే ఘట్టం చూడ్డానికి గట్టు పొడుగునా జనమే. తండ్రి భుజాల మీద కూర్చుని పిల్ల అరిచిన అరుపులకి గొంతు పోయింది. ఏటా తప్పకుండా వచ్చే పిన్నిగారు ఈసారి రాలేదు. "ఇంటి దగ్గర ఒకళ్ళుండాలి కదా బాబూ" అన్నారు.

తిరిగొస్తుంటే కోడలు నాతో మెల్లిగా మాట కదిపింది. "బావగారూ, ఈ ఎండాకాలం కూడా పిల్లని వదలమని అత్తయ్యగారు అడుగుతున్నారు. నాకూ ఇష్టమేనండీ. కానీ అది దుడుకు పిల్ల. ఎత్తుకోమంటుంది. ఈవిడ కాదనరు. ఆవిడ కూర్చుని లేచేటప్పుడు గోడ పట్టుకోవడం చూశాను. అడిగితే ఏం లేదంటారు. ఆవిడకి ఏమన్నా అయితే?"

ఆ అమ్మాయి భయంలో తప్పులేదు. మా అమ్మకి ఆ మధ్య స్నానాలగది దగ్గర జారి తుంటి ఎముక విరిగింది. రాజమండ్రిలో డాక్టరుగారు చూసి, "వయసులో ఉన్నప్పుడు ఎంత ఎత్తుండేవారు?" అని అడిగారు. తుంటి విరిగితే ఎత్తెందుకా అని నేను తెల్లబోతే అమ్మే చెప్పింది, కొంతకాలంగా గూట్లో పై అర తనకి అందడం లేదని. అప్పుడాయన విడమరిచి చెప్పారు. నెలసరి ఆగాక ఆడవాళ్ళ ఎముకల్లో సాంద్రత తగ్గుతూ వస్తుంది. వెన్నుపూసలు గుల్లబారి, పై బరువుకి ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుపోతాయి. అలా చితికిన పూసల్లో మూడింట రెండు వంతులు డాక్టరు దాకా రానే రావు, నడుంనొప్పి అనుకుని వదిలేస్తారు. చాలాసార్లు ఎత్తు తగ్గడమే పైకి కనిపించే గుర్తు. వయసులో ఉన్నప్పటికంటే అంగుళంన్నర తగ్గితే వెంటనే వెన్నుకి ఎక్స్‌రే తీయించాలి. ముందుగా పట్టుకుంటే వారానికో మాత్రా, ఏడాదికో ఇంజక్షనూ, క్యాల్షియం, విటమిన్ డి ఉన్నాయి. పట్టుకోకపోతే బరువెత్తినా, ఒక్కోసారి గట్టిగా దగ్గినా కూడా పూస చితుకుతుంది.

ఇదంతా వాళ్ళిద్దరికీ దారిలోనే చెప్పాను. తమ్ముడు మాట్లాడకుండా విన్నాడు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అందుకని ముక్కనుమ నాడు ప్రయాణం. కారు వీధిలో ఆగింది. డిక్కీలో కొబ్బరికాయల గోనె, అరిసెల డబ్బా, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె సర్దుతున్నారు. తమ్ముడు నన్ను కేకేసి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాడు. మొహం తేటగా ఉంది.

"రాత్రి నువ్వు చెప్పింది విన్నాక నిద్ర పట్టలేదన్నయ్యా. పొద్దున్నే లేచి టేపు పెట్టి చూశాను. ఇదిగో చూడు."

కుడి కమ్మీ మీద పిల్ల గీతలు మెట్లలా ఒకదాని మీద ఒకటి లేచాయి. ఈ ఏటి గీత మాత్రం ఇంకా గీయలేదు. పైన మామ్మ గీతలు నాలుగున్నాయి. 2023, 2024, 2025, 2026. భోగి నాడు వీళ్ళు అమలాపురం వెళ్ళినప్పుడు గీశారట కడపటిది. నాలుగూ ఒకదాని మీద ఒకటి దిద్దినట్టున్నాయి, వెంట్రుకవాసి తేడా లేదు.

"నాలుగేళ్ళలో ఒక్క నూలు తగ్గలేదు మా అమ్మ" అన్నాడు. వాడి గొంతులో గర్వం, కృతజ్ఞత రెండూ ఉన్నాయి. తల్లి పచ్చగా ఉందని చేత్తో తడిమి చూసుకున్న కొడుకు సంతోషం అది. వంక పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

కోడలు కూడా వచ్చి టేపు పట్టుకుని చూసింది. పెద్దగా ఊపిరి పీల్చుకుని, "అయితే ఏప్రిల్ ఆఖర్న నేనే తీసుకొచ్చి దింపుతానండీ అత్తయ్యగారూ" అంది. పిన్నిగారు ఏమీ అనలేదు. కోడలి గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకున్నారు. బాబాయిగారు మాత్రం అరుగు మీద నిలబడి, కారుకి ఎక్కించాల్సిన సామానేదో ఇంకా మిగిలిపోయినట్టు వీధి వైపే చూస్తున్నారు.

"మరి నాది?" అంటూ పిల్ల చెరుకుముక్క పారేసి పరిగెత్తుకొచ్చింది. దానికి గొళ్ళెం అందుకోవాలని కోరిక. ఈ ఏటికి తప్పకుండా అందుతుందని తాతయ్య పోయినేడే మాటిచ్చారు. గుమ్మానికి వీపు ఆనించి, గాలి పీల్చి, ఉగ్గబట్టి నిలబడింది. తమ్ముడు నెత్తి మీద అట్ట ఆనించి గీత గీసి, పక్కన 2026 వేశాడు. పోయినేటికంటే రెండున్నర అంగుళాలు. ఆ వయసు పిల్లలు ఏడాదికి ఎదగాల్సినంత ఎదిగింది. గొళ్ళెం మాత్రం ఇంకా రెండు వేళ్ళ దూరంలో ఉండిపోయింది.

పిల్ల వెనక్కి తిరిగి చూసుకుంది. పెదవి వణికింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అలా కాదు నాన్నా, మళ్ళీ గియ్యి" అంది. తాతయ్య దగ్గరికి పరిగెత్తి పంచె పట్టుకుని లాగింది.

"నాకూ పీట వెయ్యి తాతయ్యా! పోయినేడంటే చెప్పులతో సరిపోయింది గాని, ఈసారి మామ్మకి పీటేశావు కదా!"