తలల లెక్క, సీట్ల తిక్క

ప్రజాస్వామ్యం అంటే తలలు లెక్కపెట్టే పద్ధతి. ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ సీట్లన్నది జనాభాను బట్టి తేలాలని, ఆ నిష్పత్తిలో రాష్ట్రానికీ రాష్ట్రానికీ వీలైనంతవరకూ తేడా ఉండకూడదని రాజ్యాంగంలోని 81వ అధికరణ చెబుతుంది. జనగణన జరిగినప్పుడల్లా ఆ లెక్క సరిచూసుకోవాలని 82వ అధికరణ చెబుతుంది. రెండూ చక్కటి అధికరణలే. రాష్ట్రాల మధ్య పంపకం వరకు రెండింటినీ 1976లో అటకెక్కించారు.

అంతకుముందు లెక్క నడిచిన రోజుల్లో దక్షిణాది దాని రుచి చూసింది. 1962 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌కు 43 సీట్లు, మద్రాసు రాష్ట్రానికి 41. 1961 జనాభా లెక్కలు వచ్చాక, 1967 ఎన్నికల నాటికి అవి 41కి, 39కి దిగాయి. రెండు రాష్ట్రాలూ చేసిన నేరం ఒక్కటే: మిగతా దేశమంత వేగంగా పెరగలేదు. తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి తిరిగొచ్చి 42 అయింది. తమిళనాడుగా మారిన మద్రాసు 39 దగ్గరే ఆగిపోయింది.

ఆ దశలో ఢిల్లీకి జనాభా భయం పట్టుకుంది. 1976 ఏప్రిల్‌లో ప్రకటించిన జాతీయ జనాభా విధానం రాష్ట్రాలకు రెండు మాటలు చెప్పింది. కేంద్రం ఇచ్చే సాయంలో 8 శాతాన్ని కుటుంబ నియంత్రణలో చూపిన పనితనంతో ముడిపెట్టడం మొదటిది. జనాన్ని తగ్గించుకున్నందుకు సీట్లు తగ్గకుండా 2001 దాకా 1971 లెక్కనే పట్టుకోవడం రెండోది. అదే ఏడాది 42వ సవరణ ఆ రెండో మాటకు రాజ్యాంగ ముద్ర వేసింది. పిల్లల్ని తగ్గించుకునే రాష్ట్రానికి నష్టం ఉండదని ఇంత గట్టిగా హామీ ఇచ్చిన సందర్భం మరొకటి లేదు. హామీకి గడువు తేదీ కూడా వేశారు గనుక, దాన్ని హామీ కంటే వాయిదా అనడమే సబబు.

ఎమర్జెన్సీ నాటి 1976-77లో దేశవ్యాప్తంగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు 80 లక్షలు దాటాయి. ఉత్తరాదిలో మగవాళ్లను బస్టాండ్లలో, బడుల్లో, రేషను షాపుల దగ్గర పట్టుకుని బల్ల ఎక్కించారు. 1977 మార్చి ఎన్నికల్లో వాళ్లు బదులు తీర్చుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లోని 85 సీట్లలో, బీహార్‌లోని 54 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ 42కి 41 సీట్లు కాంగ్రెస్‌కే కట్టబెట్టింది. మిగిలిన నంద్యాలను నీలం సంజీవరెడ్డి జనతా పార్టీ తరఫున గెలిచారు. ఆ దెబ్బతో ‘కుటుంబ నియంత్రణ’ పేరు మార్చుకుని ‘కుటుంబ సంక్షేమం’ అయింది. హిందీ రాష్ట్రాల నాయకులు చాలాకాలం ఆ ఊసెత్తితే ఒట్టు. దక్షిణాదిలో మాత్రం కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం గోడల మీద అలాగే ఉండిపోయింది.

జనాభా తగ్గుదల గోడ రాతలతో వచ్చిందనుకుంటే పొరపాటు. ఆడపిల్లల చదువు, పెళ్లీడు పెరగడం, పుట్టిన బిడ్డలు బతకడం, ఇవన్నీ కలిస్తేనే కాన్పులు తగ్గుతాయి. కేరళలో తగ్గిన దారి అదే. ఆంధ్రప్రదేశ్ దారి కాస్త వేరు. ఇక్కడ చదువు వచ్చేలోపే ఆపరేషన్ వచ్చింది. చాలామందికి పాతికేళ్లు నిండకముందే, రెండో కాన్పు కాగానే, ఏఎన్ఎం రిజిస్టర్లో టార్గెట్ నిండడం కోసం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేసిన క్యాంపులో అది జరిగిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్ వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవారి వాటా ఒక్క శాతం కూడా లేదు. దేశానికి మేలు చేసే సమయంలో ఇంటాయనకు బరువులెత్తే పని ఉంటుందన్నది శాస్త్రం నిరూపించలేకపోయినా, ఊరంతా నమ్మిన సత్యం.

ఇంతటితో తృప్తిపడని ప్రభుత్వం 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీకి అనర్హులని రాసింది. చట్టం వచ్చిన ఏడాది తర్వాత పుట్టిన మూడో బిడ్డ తండ్రి, తల్లి వార్డు మెంబరు కూడా అయ్యే వీలు లేకపోయింది. ఎమ్మెల్యేకు, ఎంపీకి, మంత్రికి ఈ షరతు పెట్టలేదు. దేశ జనాభాను పెంచేది సర్పంచులేనని శాసనసభ్యులు ఏకాభిప్రాయానికి వచ్చినట్టున్నారు. దాంతో పల్లెల్లో కొత్త విద్యలు పుట్టాయి: మూడో బిడ్డను బావమరిదికి దత్తత ఇచ్చినట్టు కాగితం, భార్యకు కాగితం మీద విడాకులు, నామినేషన్ల పరిశీలన రోజున ప్రత్యర్థి చేతిలో బర్త్ సర్టిఫికెట్.

మొత్తానికి లక్ష్యం నెరవేరింది. ఆ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారమే ఒక్కో మహిళకు సగటు కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఉత్తరప్రదేశ్‌లో 2.4, బీహార్‌లో 3.0. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. తెలుగు రాష్ట్రాలు పరీక్షలో ఫస్టు వచ్చాయి. బహుమతి ఏమిటన్నదే తేలాలి.

2001లో గడువు ముగిసింది. లెక్క తెరిస్తే గొడవ ఖాయమని అప్పటి పార్లమెంటు 84వ సవరణతో వాయిదాను మరో పాతికేళ్లు పొడిగించింది. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా రాష్ట్రాల కోటాలు 1971వే. 1971లో దేశ జనాభా సుమారు 55 కోట్లు, సీటుకు 10 లక్షల మంది. 2011 నాటికి దేశం 121 కోట్లకు చేరింది. రాజస్థాన్‌కూ 25 సీట్లే, విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌కూ 25 సీట్లే, అక్కడ 6.85 కోట్ల మంది, ఇక్కడ 5 కోట్లు. బీహార్‌కు 40, తమిళనాడుకు 39, అక్కడ 10.4 కోట్లు, ఇక్కడ 7.2 కోట్లు. ‘మా ఓటు విలువ మీ ఓటులో మూడొంతులు కూడా లేదేమిటి’ అని బీహారీ అడిగితే, తెలుగు, తమిళ మేధావుల దగ్గర మర్యాదైన జవాబు లేదు. ‘మీరు కంటూ పోతే మేమేం చేస్తాం’ అన్నది జవాబు కిందికి రాదు. ఎందుకంటే ఓటు వేసేది కన్నవాళ్లే కాదు, పుట్టినవాళ్లు కూడా.

ఇప్పుడు లెక్క తెరిస్తే ఏమవుతుందో తెలియడానికి కమిషన్ అక్కర్లేదు, భాగహారం వస్తే చాలు. 121 కోట్లను 543తో భాగిస్తే సీటుకు 22.3 లక్షలు. 2011 జనాభా ప్రకారం ఉత్తరప్రదేశ్ 80 నుంచి 90కి, బీహార్ 40 నుంచి 47కి చేరతాయి. కేరళ 20 నుంచి 15కు, తమిళనాడు 39 నుంచి 32కు, రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి 42 నుంచి 38కి దిగుతాయి. కాబట్టి ఎవరికీ తగ్గకుండా మొత్తం సీట్లే పెంచుదామని మరో వాదం. దానికి ఏర్పాట్లూ ఉన్నాయి: 2023 మే 28న ప్రారంభించిన కొత్త పార్లమెంటు భవనంలో లోక్‌సభ హాలులో 888 కుర్చీలు వేశారు. రాజ్యాంగ సవరణ కంటే ముందు వడ్రంగి పని పూర్తయింది. 888కి అదే భాగహారం చేస్తే తెలుగు రాష్ట్రాలకు 42 కాస్తా 62 అవుతాయి. ఇరవై పెరిగాయని రెండు రాజధానుల్లోనూ బాణసంచా కాల్చుకోవచ్చు. ఉత్తరప్రదేశ్‌కు మాత్రం 147 వస్తాయి. ఇవాళ ఆ రాష్ట్రానికీ తెలుగువారికీ మధ్య తేడా 38, అప్పుడు 85.

2025 ఫిబ్రవరిలో కోయంబత్తూరు వచ్చిన కేంద్ర హోంమంత్రి అమిత్ షా, దామాషా ప్రకారం చూస్తే దక్షిణాదికి ఒక్క సీటూ తగ్గదని భరోసా ఇచ్చారు. దామాషా జనాభాదా, ఇప్పుడున్న సీట్లదా అన్నది సభికుల ఊహకే వదిలేశారు. మరుసటి నెల 22న అప్పటికి తమిళనాడు ముఖ్యమంత్రిగా ఉన్న స్టాలిన్ చెన్నైలో పెట్టిన సమావేశానికి కేరళ, తెలంగాణ ముఖ్యమంత్రులు పినరయి విజయన్, రేవంత్ రెడ్డితో పాటు పంజాబ్ నుంచి భగవంత్ మాన్ కూడా వచ్చారు. 1971 లెక్కనే మరో 25 ఏళ్లు కొనసాగించాలని వారు తీర్మానించారు. ఆ లెక్కన 2051 దాకా దేశంలో ఉండేది బంగ్లాదేశ్ యుద్ధం నాటి జనాభాయే.

ఈలోగా ఇంకో ఉపాయం తట్టింది: మళ్లీ కందాం. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనాలని పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి ఉంటేనే స్థానిక ఎన్నికల్లో పోటీకి అర్హత అనే చట్టం ఆలోచన కూడా బయటపెట్టారు. ఆ వెంటనే స్టాలిన్ ఒక సామూహిక వివాహ వేదిక మీద, పదహారు సంపదలు కలగాలన్న పాత దీవెనను పదహారుగురు పిల్లల దాకా సాగదీశారు. మొదటి నాయకుడికి సంతానం ఒక్కరు, రెండో నాయకుడికి ఇద్దరు. త్యాగాల్లో ప్రజలకే ముందు అవకాశం ఇవ్వడం మన నాయకుల సంస్కారం. నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 1994 నాటి ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. 2025లో తెలంగాణ కూడా పంచాయతీల విషయంలో అదే బాట పట్టింది. 2025 మార్చిలో ఉత్తరాంధ్ర ఎంపీ ఒకరు మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేల రూపాయల డిపాజిట్, మగపిల్లాడైతే ఆవూ దూడా ఇస్తానన్నారు. ఆపరేషన్ చేయించుకున్న 70 శాతం మందికి ఆవు ఎలా అందుతుందన్నది పథకంలో లేదు. ఇవాళ పుట్టే బిడ్డ ఓటరు కావడానికి 18 ఏళ్లు పడుతుందన్నదీ లేదు.

జనాభాతో పని జరగని చోట భూగోళం అక్కరకొస్తుంది. జమ్మూకశ్మీర్‌లో 2022లో అసెంబ్లీ సీట్లు పెంచినప్పుడు జమ్మూకు ఆరు, కశ్మీర్ లోయకు ఒకటి వచ్చాయి. 2011 లెక్కల్లో లోయ జనాభాయే 15 లక్షలు ఎక్కువ. కొండలు, సరిహద్దులు, దారిలేని ఊళ్లు కూడా చూడాలన్నది పునర్విభజన కమిషన్ వివరణ. అదే కమిషన్ పీర్ పంజాల్ పర్వతాలకు ఇటున్న అనంతనాగ్‌నూ అటున్న రాజౌరీనీ కలిపి ఒకే లోక్‌సభ నియోజకవర్గం చేసింది. రెంటినీ కలిపే మొఘల్ రోడ్డు చలికాలమంతా మంచు కింద ఉంటుంది. 2024లో అక్కడ మే 7న జరగాల్సిన పోలింగ్, దారి, వాతావరణం బాగాలేవన్న కారణాలతో మే 25కు జరిగింది. కొండ అదే. సీట్లు పంచేటప్పుడు అడ్డమై కూర్చుంది, గీత గీసేటప్పుడు పక్కకు తప్పుకుంది.

తెలుగు నేల మీదా ఇలాంటి చిత్రాలున్నాయి. పోలవరం ముంపు కోసం 2014 మే చివర్లో ఆర్డినెన్సు తెచ్చి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం రాముడు తెలంగాణలో మిగిలాడు, గుడికి కూతవేటు దూరంలోని ఎటపాక ఆంధ్రకు పోయింది. ఎటపాక ఓటరు ఎన్నుకునే ఎంపీ అరకు ఎంపీ. ఆ నియోజకవర్గం రెండో కొస ఒడిశా సరిహద్దు పక్కన పాలకొండ, పార్వతీపురం దగ్గర తేలుతుంది. ఇక మల్కాజిగిరి. కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీ నగర్ వంటి ఏడు అసెంబ్లీ స్థానాల ఈ నియోజకవర్గంలో 2024లో దాదాపు 38 లక్షల మంది ఓటర్లు. లక్షద్వీప్‌లో 58 వేల మంది. ఒక్క లక్షద్వీప్ ఓటు 65 మల్కాజిగిరి ఓట్లకు సమానం. 1832 దాకా బ్రిటన్‌లో జనమే లేని ఓల్డ్ సారమ్ దిబ్బకు ఇద్దరు ఎంపీలు, మాంచెస్టర్‌కు ఒక్కరూ లేరు. ఆ పోలికతో చూస్తే మనం నయం. పైగా మల్కాజిగిరివాసుల్లో చాలామంది ఆ ఏడాది మే 13న అక్కడ లేనే లేరు. రెండు రాష్ట్రాలకూ పోలింగ్ ఒకే రోజు పడటంతో సొంతూరి ఓటు కోసం విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర సంక్రాంతి నాటి బారులు కట్టారు. మల్కాజిగిరిలో పోలింగ్ సగం దాటి ఆగింది.

చట్టంలో రాసుంటే అయినా సీట్లు వస్తాయా అంటే, దానికీ తెలుగువారే ఉదాహరణ. 2014 విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీని 175 నుంచి 225కు, తెలంగాణను 119 నుంచి 153కు పెంచమంది. అదే సెక్షన్‌లో ‘170వ అధికరణకు లోబడి’ అని కూడా ఉంది. ఆ అధికరణ 2026 తర్వాతి జనగణన దాకా పెంచొద్దంటుంది. జమ్మూకశ్మీర్‌కు పెంచారు కదా అని కొందరు కోర్టుకు వెళ్తే, అది కేంద్రపాలిత ప్రాంతం, రాష్ట్రాలకు ఆ పోలిక చెల్లదని 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. పదేళ్లుగా ఆ 84 సీట్లకు ఆశావహులు పార్టీలు మారుతూ, మారిన పార్టీలో ఎదురుచూస్తూ ఉన్నారు.

2021లో జరగాల్సిన జనగణనకు ఇప్పుడు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. మంచు ప్రాంతాలకు 2026 అక్టోబరు 1. 84వ సవరణ పెట్టిన గడువు దాటాక వచ్చే మొదటి లెక్క అదే అవుతుంది. చట్టసభల్లో మూడోవంతు సీట్లు మహిళలకు కేటాయిస్తూ 2023లో చేసిన 106వ సవరణను కూడా జనగణన తర్వాతి పునర్విభజనకే కట్టేశారు. దేశ జనాభాను అదుపు చేసే ఆపరేషన్ బల్ల దగ్గర ఏ గడువూ అడగకుండా మహిళలనే ముందు నిలబెట్టారు. సీటు దగ్గరికొచ్చేసరికి లెక్కలు తేలేదాకా ఆగమన్నారు.