క్రెడిట్ కార్డు కవచం: ఒక శాస్త్రీయ పరిశీలన

అమెరికా విమానాశ్రయాలలో కారు అద్దెకిచ్చే కౌంటరు వద్ద ప్రయాణికుడి చేతికి తాళం చెవి కంటే ముందుగా భయాన్ని అందిస్తారు. కారుకు సొట్ట పడినా, దొంగలు ఎత్తుకుపోయినా ఆ నష్టాన్ని అతని వద్ద వసూలు చేయబోమని సంస్థ ఇచ్చే హామీకి ‘కొలిజన్ డ్యామేజ్ వేవర్’ అని పేరు. సాంకేతికంగా ఇది బీమా కాదు, తరచుగా రోజుకు 20 నుంచి 30 డాలర్ల దాకా పుచ్చుకొని, ముక్కుపిండి వసూలు చేసే హక్కును సంస్థ ఉదారంగా వదులుకోవడం మాత్రమే. ఈ క్షమాభిక్ష వెల ఒక్కోసారి కారు అద్దెతోనే పోటీ పడుతుంది.

ఈ భయానికి విరుగుడును, అంటే అద్దె కారుకు జరిగిన నష్టాన్ని కార్డే భరించే సదుపాయాన్ని, బ్యాంకులు కొన్ని క్రెడిట్ కార్డులలో దాచి ఉంచాయి. అద్దె మొత్తాన్ని అదే కార్డుతో చెల్లించి, కౌంటరులో అమ్మే వేవర్‌ను వద్దన్నవారికే ఇది వర్తిస్తుంది గనుక, మొహమాటానికి ‘సరే’ అని సంతకం చేసినవారు ఉచిత కవచాన్ని డబ్బిచ్చి మరీ పోగొట్టుకుంటారు. ఇందులో ‘ప్రైమరీ’ రకం నేరుగా చెల్లిస్తుంది; ‘సెకండరీ’ రకం మాత్రం ముందుగా కార్డుదారు సొంత కారు బీమా తలుపు తట్టమని, అది చెల్లించగా మిగిలినదానికే తన వద్దకు రమ్మని సెలవిస్తుంది. నిన్ననే హైదరాబాదు నుంచి దిగి, కారూ బీమా రెండూ లేని విద్యార్థికి సాధారణంగా ఆ సెకండరీయే ప్రైమరీగా మారుతుంది. ఏమీ లేకపోవడమే అర్హత అయ్యే ఇటువంటి ఘట్టం బ్యాంకుల వ్యవహారంలో బహు అరుదు. అయితే కవచం అద్దె కారుకే గాని, ఎదుటివారి కారుకూ ఎముకలకూ కాదు గనుక, ఆ ఖర్చుకు కార్డు పైసా ఇవ్వదు, ఆదుకోవడానికి సొంత బీమా కూడా లేని అదే విద్యార్థికి ఆ అర్హత ఎంత ఖరీదైనదో అప్పుడు బోధపడుతుంది.

మినహాయింపుల అధ్యాయం మరింత రసవత్తరం. ట్రక్కులు, పురాతన వాహనాలు, అతి ఖరీదైన కార్లు, ఒప్పందంలో పేరు లేని డ్రైవరు చేతిలోని కారు సాధారణంగా వెలి. ఐర్లండ్, ఇజ్రాయెల్, జమైకాలలో చాలా కార్డులు చేతులెత్తేస్తాయి, కారణం మాత్రం చెప్పవు. వీటన్నిటినీ దాటినవారి ఎదుట ‘లాస్ ఆఫ్ యూజ్’ నిలుస్తుంది: కారు షెడ్డులో ఉన్న రోజులకు కూడా సంస్థ అద్దె అడుగుతుంది, ఆ రోజుల్లో తన కార్లన్నీ రోడ్డు మీదే ఉన్నాయని సంస్థ తన చిట్టా చూపితే తప్ప పలు కార్డులు ఆ సొమ్ము ఇవ్వవు, చిట్టా ఇవ్వడానికి సంస్థకు తరచుగా మనసొప్పదు. క్లెయిము పరిశీలించేది బ్యాంకు నియమించిన మరో సంస్థ కావడం వల్ల, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత అక్కడ వ్యాపార నియమంగా అమలవుతోంది.

ఇన్ని షరతులు పెట్టిన తరువాత 2018లో డిస్కవర్ అనే కార్డుల సంస్థ ఈ సదుపాయాన్ని ఎత్తివేసి, దానికి కారణంగా వాడకం తక్కువగా ఉండడాన్ని చూపింది. మరుసటి ఏడాది సిటీ బ్యాంకు కూడా తన చాలా కార్డుల నుంచి దీన్ని తొలగించింది.