మాట స్వదేశీ, ఆర్డరు విదేశీ

హైదరాబాదులో స్వదేశీ పరిశ్రమల చరిత్ర తెలుసుకోవాలంటే గ్రంథాలయానికి వెళ్లక్కర్లేదు. సిటీ బస్సెక్కితే కండక్టరే పారాయణం చేస్తాడు: ఆల్విన్ కాలనీ, ఐడీపీఎల్, ప్రాగా టూల్స్... ఫ్యాక్టరీలు పోయినా స్టాపులు నిక్షేపంగా ఉన్నాయి. దిగేవాళ్లకు అక్కడ ఒకప్పుడు ఏం తయారయ్యేదో అనవసరం. ఇప్పుడు చదరపు అడుగు ఎంత పలుకుతోందో తెలిస్తే చాలు.

1942లో నిజాం జమానాలో పుట్టిన ఆల్విన్ బీరువాలు చేసింది, బస్సులకు బాడీలు కట్టింది, ఆపైన ఫ్రిజ్‌లు, స్కూటర్లు, జపాను సీకో సాయంతో చేతిగడియారాలు. అల్లుడికి ఆల్విన్ ఫ్రిజ్ పెట్టిన మామగారి హోదా వీధి చివరి దాకా తెలిసేది. తొంభైల్లో ఫ్రిజ్ వోల్టాస్ పాలైంది, గడియారం జ్ఞాపకాల పాలైంది. ఐడీపీఎల్ కథ ఇంకా ఘనం. సోవియట్ సాయంతో కట్టిన ఆ మందుల ఫ్యాక్టరీలో పని నేర్చుకున్న అంజిరెడ్డి బయటికొచ్చి డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. నగరానికి మందుల రాజధాని అన్న పేరు తెచ్చిన కంపెనీ ఖాయిలా పడితే దానికి మాత్రం మందు దొరకలేదు. ఈ రోజు ఐడీపీఎల్ అనగానే నాయకులకు గుర్తొచ్చేవి మాత్రలు కావు, ఎకరాలు.

సర్కారీ కంపెనీలు కదా, చేతకాక మునిగాయంటారు. కొంత నిజమే. మరి చేతనైనవాళ్ల సంగతేమిటి?

నగర శివారు ముచ్చింతల్‌లో 216 అడుగుల సమతామూర్తి విగ్రహం కొలువై ఉంది. తయారుచేసింది నాన్‌జింగ్‌లోని ఏరోసన్ కంపెనీ. తరాలుగా పంచలోహ విగ్రహాలు పోతపోస్తున్న స్వామిమలై స్థపతులు బస్సెక్కి వచ్చి దర్శనం చేసుకోవచ్చు. 2022 ఫిబ్రవరిలో ప్రధాని ఆవిష్కరించాక ఎవరో చైనా మాటెత్తారు. ఆత్మనిర్భర్ పిలుపు రాకముందే పని మొదలైందని కేంద్రమంత్రి జవాబు. అక్షరసత్యం, ఆర్డరు వెళ్లింది 2015లో. కాకపోతే మేకిన్ ఇండియా సింహం 2014 సెప్టెంబరు నుంచే గర్జిస్తోంది. పాపం, దాన్ని మాత్రం ఏమంటాం? ఆ బొమ్మ గీసింది కూడా ఒక అమెరికా ప్రకటనల కంపెనీ భారత శాఖే. నర్మద ఒడ్డున సర్దార్ పటేల్ ఒంటిమీది కంచు పలకలూ చైనాలో పోతపోసినవే.

ఇక జెండా. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీగారి చేతిలో జెండా నమూనా పెట్టారు. సరిగ్గా నూరేళ్లకు, 2021 డిసెంబరులో, నిబంధనలు సవరించి పాలిస్టరుకూ మిల్లు బట్టకూ తలుపులు తీశారు. మరుసటి ఆగస్టులో ఇంటింటా జెండా పండగ. హుబ్బళ్లిలోని బెంగేరిలో నియమాలన్నీ పాటించి జెండాలు కుట్టే ఖాదీ సంఘం నిరసన తెలిపింది. దేశమంతా జెండా ఎగరేస్తుంటే ఈ గొడవేమిటని అడిగినవాళ్లకు రాట్నం తిరిగితేనే వాళ్ల పొయ్యి వెలుగుతుందని తెలియదు కాబోలు.

దేశ ఆర్థిక ఉత్పత్తిలో తయారీరంగం వాటాను 2022 నాటికి 25 శాతం చేస్తామన్నది మేకిన్ ఇండియా ఇచ్చిన మాట. ఆ గడువు దాటిపోయింది, వాటా ఇంకా 17 శాతం చుట్టుపక్కలే కాలక్షేపం చేస్తోంది. ఈసారి ఎవరైనా మైకు పట్టుకుని మీచేత స్వదేశీ ప్రమాణం చేయించబోతే, చెయ్యి చాచే ముందు వాళ్ల టెండరు కాగితాలు చూపించమనండి.