ఎకరం, గజం, అడుగు, నిమిషం

రెండేళ్లుగా ఈ వ్యాసకర్త దంపతులు ఆదివారాలు గుడికి వెళ్లడం తగ్గించి, సైట్ విజిట్లకు వెళ్తున్నారు. రెంటికీ పెద్ద తేడా లేదు. రెండు చోట్లా గుమ్మం దగ్గర చెప్పులు విప్పమంటారు. రెండు చోట్లా ప్రసాదం ఉంటుంది, అక్కడ పులిహోర, ఇక్కడ సమోసా, కాఫీ. లోపలికెళ్లి, కోరిక చెప్పుకుని, పేరూ గోత్రం బదులు పేరూ ఫోన్ నంబరూ ఇచ్చి బయటికి రావాలి. ఆపైన అంతా పైవాడి దయ. కాకపోతే ఇక్కడ పైవాడంటే బ్యాంకు మేనేజరు.

వీళ్లు ఉండేది చందానగర్‌లో, అద్దెకు. ఇంటి ఓనరు మంచివాడే. అద్దె పెంచండని నోరు తెరిచి ఏనాడూ అడగలేదు. పెంచాల్సిన సమయం వచ్చినప్పుడల్లా వాళ్లబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడని మాత్రం చెబుతాడు. ఓ మూడు వేలు ఎక్కువిస్తామనగానే ఆ అబ్బాయి అక్కడే ఆగిపోతాడు. ఇప్పటికి నాలుగుసార్లు ఆగాడు. ఐదోసారి వ్యాసకర్త భార్య అంది: "ఏమండీ, మనం నెలనెలా ఆ పిల్లాణ్ని అమెరికాలో ఉంచడానికి కడుతున్న డబ్బేదో మన ఇంటికే కట్టుకుంటే పోలా?"

అలా మొదలైంది.

కొనాలంటే గచ్చిబౌలి, కోకాపేట చూడాలని ఉంటుంది. చూడటానికి డబ్బులు అక్కర్లేదు కాబట్టి చూశారు. ఆ తర్వాత తెల్లాపూర్, కొల్లూరు, ఉస్మాన్‌నగర్ వైపు కారు తిప్పారు. హైదరాబాద్ పడమటి కొసన, ఔటర్ రింగు రోడ్డును ఆనుకుని ఉన్న ఊళ్లివి. గచ్చిబౌలి రంగారెడ్డి జిల్లా, తెల్లాపూర్ సంగారెడ్డి జిల్లా. దారిలో జిల్లా మారినా హోర్డింగుల మీద మాత్రం ఏమీ మారదు. ప్రతి దాని మీదా ఒకటే మాట: ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు 15 నిమిషాలు.

ఇలాంటి చోట కొనేవాడికి ముందుగా తగిలే అడ్డంకి డబ్బు కాదు, తోడల్లుడు. వ్యాసకర్త తోడల్లుడు 2009లో మణికొండలో ఫ్లాటు కొన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. ఇప్పుడు ఏ పెళ్లిలో కనిపించినా ఆయన నవ్వుతాడు. "నేను కొన్ననాడు అక్కడ రాత్రయితే నక్కలు అరిచేవి, తమ్ముడూ!" అంటాడు. విచిత్రమేమిటంటే, 2012లో ఈ కథలో నక్క ఒక్కటే ఉండేది. ఫ్లాటు ధర పెరిగేకొద్దీ నక్కలూ పెరిగాయి. మొన్నటి గృహప్రవేశంలో అవి మంద దాటాయి, ఒక ఎలుగుబంటి కూడా చేరింది.

ఆయన్ని పూర్తిగా తీసిపారేయడానికీ లేదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు మాదాపూర్ కూడా నక్కల ఊరే. ఆ తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఐటీ గురించి కాదు, చెరువుల గురించి తెలియాలి. తెలంగాణలో పాతకాలపు చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి నీళ్లొస్తాయి. ధరలూ అచ్చం అంతే. మాదాపూర్ నిండి గచ్చిబౌలికి అలుగు పారింది. గచ్చిబౌలి నిండితే నానక్‌రామ్‌గూడ, అక్కణ్నుంచి కోకాపేట. ఇప్పుడు కోకాపేట అలుగు తెల్లాపూర్, కొల్లూరుల మీద పడుతోంది. కింది చెరువులో చేపలున్నాయా, తామరపూలున్నాయా అని ఎవరూ అడగరు. పై చెరువు మట్టం ఎంతన్నదే లెక్క.

ఆ మట్టం ఎంతో ప్రభుత్వమే వేలం వేసి చెప్పింది. కోకాపేట నియోపోలిస్‌లో 2023 ఆగస్టులో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లకు పోయింది. ఆ వార్త చదివిన రోజు వ్యాసకర్త కాఫీ తాగుతూ ఒక చిన్న లెక్క వేశాడు. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం 2 లక్షల 8 వేల చిల్లర. గజానికి 9 చదరపు అడుగులు. అంటే అడుగు 23 వేల పైమాట. ఉత్త నేల, ఇటుక పెట్టకముందు. కాఫీ కప్పు బల్ల మీద ఎంత చోటు ఆక్రమించిందో చూసుకుని, ఆయన దాన్ని భక్తిగా చేతుల్లోకి తీసుకున్నాడు.

ఈ లెక్కలోనే అసలు కిటుకు ఉంది. భూమి ఒకటే, అమ్మేవాణ్ని బట్టి కొలత మారుతుంది. సర్కారు ఎకరాల్లో వేలం వేస్తుంది. బ్రోకరు గజాల్లో మాట్లాడతాడు. బిల్డరు అడుగుల్లో అమ్ముతాడు. హోర్డింగు నిమిషాల్లో పిలుస్తుంది. కొలత చిన్నదయ్యేకొద్దీ సొమ్ము తక్కువగా వినిపిస్తుంది, చివరికి కట్టేది ఎక్కువవుతుంది.

నమూనా ఫ్లాటు చూపించిన కుర్రాడికి పాతికేళ్లుంటాయి. మెడలో టై, ఎండకు నుదుటి మీద చెమట. "రండి సార్, రండి మేడమ్" అంటూ ఎంత ఆదరంగా పిలిచాడంటే, కొనకపోతే వాడు బెంగపెట్టుకుంటాడేమో అనిపించింది. లోపల అన్నీ అందంగా ఉన్నాయి. మంచం కాస్త పొట్టిగా ఉంది, అలమరాకు లోతు లేదు, తలుపులు కూడా తీసేశారు. అందుకే గది మైదానంలా ఉంది.

"ఎంతుంటుంది బాబూ?"

"1,650 ఎస్ఎఫ్‌టీ మేడమ్."

"నడవడానికి ఎంత?"

కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. "కార్పెట్ ఏరియా అయితే సుమారు 1,150."

"మిగతా ఐదొందలు?"

"లిఫ్టు, మెట్లు, కారిడారు, గోడలు, క్లబ్‌హౌసు... అందులో మీ వాటా మేడమ్."

ఆవిడకు నోటిలెక్క వచ్చు. లెక్క తేలిగ్గా ఉంటుందని అడుగు 8 వేలనుకుంది. "అంటే నలభై లక్షలు పోసి మనం లిఫ్టు కోసం నిలబడే చోటు కొంటున్నామన్నమాట" అంది. రెరా చట్టం 2016లోనే వచ్చింది, కార్పెట్ ఏరియా ఎంతో రాసి చూపించాలని అంటుంది. చూపిస్తారు కూడా. కాకపోతే గోడ మీద పెద్దక్షరాల్లో ఒక అంకె, కాగితం మీద చిన్నక్షరాల్లో ఇంకో అంకె.

ఆ రాత్రి భోజనాలయ్యాక మిగతా లెక్క జరిగింది. 1,650ని 8 వేలతో గుణిస్తే కోటీ 32 లక్షలు. కడుతున్న ఇల్లు కాబట్టి జీఎస్టీ 5 శాతం, 6 లక్షల 60 వేలు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఇల్లయితే జీఎస్టీ ఉండదు, కానీ ఆ సంగతి బిల్డరుకు కూడా తెలుసు కాబట్టి ధరలో ముందే ఉంటుంది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం, అంటే 9 లక్షల 90 వేలు. బ్యాంకువాళ్లు 75 లక్షలు దాటిన అప్పుకు ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. కాబట్టి అప్పు 99 లక్షలు, చేతి నుంచి పెట్టేది దరిదాపు 50 లక్షలు. ఇందులో కారు పార్కింగు, కార్పస్ ఫండు, పై అంతస్తుకు పోతే గాలి ఖరీదు చేరలేదు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవయ్యేళ్లు కడితే నెలకు 86 వేలు. మొత్తం కట్టేది రెండు కోట్లు దాటుతుంది.

ఇప్పుడు కట్టే అద్దె 30 వేలు.

ఇద్దరూ కాసేపు ఫ్యాను వైపు చూశారు. "అమెరికాలో ఉన్న పిల్లాడు మరీ ఖరీదైనవాడేం కాదు" అన్నాడు వ్యాసకర్త. "ఇరవయ్యేళ్లకు ఇల్లు మనదవుతుంది, వాడు మనవాడవుతాడా?" అందావిడ. రెండూ సరైన మాటలే. అందుకే రెండేళ్లుగా తేలడం లేదు.

ఊళ్లో ఉన్న మామగారు ఫోనులో ఒక్కటే ప్రశ్న అడుగుతారు: "ఏ ముఖం?" పడమర ముఖమని చెబితే, ఇల్లు కాలిపోయిందన్నంత విచారంగా "అలాగా" అంటారు. ముప్పై అంతస్తుల టవరులో అంతస్తుకు పది ఇళ్లుంటే అన్నీ తూర్పుకు ఎలా తిరుగుతాయని అల్లుడు అడగడు. అడిగితే, అందుకే అపార్ట్‌మెంటు వద్దంటున్నానంటారు.

2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ప్రశ్నలు పెరిగాయి. అంతకుముందు పార్కు ఎదురుగానా అని అడిగేవాళ్లు ఇప్పుడు ఎఫ్‌టీఎల్‌కు ఎంత దూరమని అడుగుతున్నారు. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎంతవరకూ వస్తాయో చూపే గీత అది. తాతలకు ఆ గీత కాళ్లతో తెలుసు. మనవళ్లు హెచ్ఎండీఏ వెబ్‌సైటులో మ్యాపు తెరిచి రెండు వేళ్లతో పెద్దది చేసి వెతుక్కుంటున్నారు. ధరల అలుగు ఎటు పారుతుందో అందరికీ తెలుసు, నీళ్ల అలుగు ఎటు పారేదో మాత్రం సర్వేయరును అడగాలి. "లేక్ వ్యూ" ఫ్లాటుకు అడుగు మీద ఎక్కువ కట్టినవాళ్లే ఇప్పుడు మాది చెరువుకు చాలా దూరమని చెప్పుకుంటున్నారు.

నిమిషాల సంగతి తేల్చడానికి ఆవిడే ఉపాయం చెప్పింది. ఆదివారం కాదు, సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు కొల్లూరు నుంచి ఆఫీసుకు బయల్దేరి చూడమంది. వ్యాసకర్త సెలవు పెట్టి మరీ ఆఫీసుకు వెళ్లాడు. ఔటర్ మీద 120 వేగం దాకా పోనిస్తారు. కొల్లూరు దగ్గర ఎక్కితే దిగాల్సిన చోటికి సరిగ్గా పదకొండు నిమిషాలు పట్టింది. హోర్డింగు అబద్ధం చెప్పలేదు. దిగాక ఆఫీసు గేటుకు చేరడానికి ముప్పై ఎనిమిది నిమిషాలు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అని రాశారు గానీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఏ మూలకని రాయలేదు కదా.

"మరి నా స్కూటీ?" అందావిడ. ఔటర్ మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. ఆవిడ పనిచేసే బడి మదీనాగూడలో. సర్వీసు రోడ్డు, నల్లగండ్ల, లింగంపల్లి మీదుగా పోవాలి. గట్టి వాన పడితే లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలవడం ఆ దారిన పోయేవాళ్లందరికీ తెలుసు. ఒకే ఇంటికి రెండు దూరాలు, కారుకు ఒకటి, స్కూటీకి ఒకటి. బ్రోషరు అచ్చువేసినవాళ్ల ఇంట్లో స్కూటీ లేనట్టుంది.

ఆ బ్రోషరులో ఒక మ్యాపు కూడా ఉంది. ఎక్కడో ఉన్న ఎయిర్‌పోర్టును చెయ్యి చాపితే అందేంత దగ్గరికి లాగారు. ఇంటర్నేషనల్ స్కూళ్లు, ఆసుపత్రులు, మాల్స్ అన్నీ ఉన్నాయి. కానీ కొల్లూరులో ప్రభుత్వం 2023 జూన్‌లో ప్రారంభించిన 15,660 ఇళ్ల డబుల్ బెడ్‌రూం కాలనీ లేదు. అంత పెద్ద ఊరు ఆ మ్యాపులో ఒక పచ్చటి చెట్టు బొమ్మ కింద పోయింది.

ఓసారి సైటు చూసి తిరిగొస్తూ ఇద్దరూ రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర ఆగారు. సిమెంటు లారీ డ్రైవర్లు, ఐడీ కార్డులు వేసుకున్న పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. కొట్టాయనది ఆ ఊరే. "ఏమన్నా కొంటున్నరా సారూ?" అన్నాడు. ఆలోచిస్తున్నామన్నారు. ఎదురుగా ఉన్న టవరు వైపు గిన్నెతోనే చూపించాడు. "గాడ మాది మూడెకరాలుండె. జొన్న ఏసేటోళ్లం. అక్క పెండ్లికని ఒకపారి, నాయనకు బాగలేకుంటె ఒకపారి అమ్మినం. ఇప్పుడు గుంట గూడ లేదు." కోపంగా చెప్పలేదు. టీలో చక్కెర ఎంతెయ్యాలో అడిగినంత మామూలుగా చెప్పాడు. గుంటంటే 121 గజాలు. వ్యాసకర్త మనసులో గుణకారం మొదలైంది. ఆవిడ మోచేత్తో పొడిచి ఆపింది.

నీళ్ల సంగతి ఆయన్నే అడిగితే పొద్దున్నుంచి ఎన్ని ట్యాంకర్లు పోయాయో చెప్పాడు. బిల్డరును అడిగి ఉంటే బోర్లు బ్రహ్మాండంగా ఉన్నాయనేవాడు. ఆ మాటకు మద్దతుగా మరో ట్యాంకరు దుమ్ము లేపుకుంటూ టవరు వైపు మలుపు తిరిగింది.

గురువారం రాత్రి కుర్రాడు ఫోను చేశాడు. అడుగుకు రెండొందలు పెరుగుతోందనీ, శనివారంలోగా అడ్వాన్సు ఇస్తే పాత రేటేననీ చెప్పాడు. ఆవిడ ఫోను తీసుకుంది. రెరా నంబరు అడిగింది, చెప్పాడు. సేల్ అగ్రిమెంటు రాయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు కదా అంది, ఔనన్నాడు. నీళ్ల గురించి అడిగింది, నవ్వాడు. ఇక పెట్టేస్తుందనుకుంటే, ఉన్నట్టుండి అడిగింది:

"నువ్వెక్కడుంటావు బాబూ?"

"దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో మేడమ్."

"రోజూ ఇక్కడికి రావడానికి ఎంతసేపు?"

అవతల కాసేపు నిశ్శబ్దం. వెనకాల బస్సు హారను వినిపించింది.

"గంటా నలభై మేడమ్" అన్నాడు. ఆ వెంటనే అలవాటుగా, "ఆదివారమైతే తొందరగానే వచ్చేస్తా" అని కలిపాడు.