ఫుల్ మీల్స్ బోర్డు: ‘త్రేన్పు’ వ్యాఖ్యా సహితం

అవతారిక

మెదక్ సీమలోని కొలిచెలమవాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. కాళిదాసు కనుక ఆ నియమం చెల్లింది. హోటల్ బోర్డుకు వ్యాఖ్య రాసేవాడికి మూలంలో లేనిదే ముఖ్యం.

తెలుగులో తిండికీ ధరకీ ముడిపెట్టడం నిన్న మొన్నటిది కాదు. ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూటింట ఒక్క రూకకు దొరికే భోజనం వర్ణన ఉంది. అందులో వంటకాలున్నాయి, ధర ఉంది. ‘జి.ఎస్.టి. అదనం’ అన్న పాదం మాత్రం లేదు.

ప్రస్తుత మూలం బెజవాడలో ఒక మెస్సు గోడ మీద, గల్లాపెట్టె వెనక, వెంకటేశ్వరస్వామి పటం కింద ఎర్రరంగు అక్షరాల్లో లభించింది. కాలం మధ్యాహ్నం ఒంటిగంట. వెంట మా బాబాయి ఉన్నాడు. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా ముప్పయ్యేళ్ళు ఊరూరా తిరిగి హోటల్ కూడు తిన్నవాడు. ఈ టీకలో ‘ప్రాచీనులు’ అన్న చోటల్లా బాబాయి అనే గ్రహించాలి.

మూలం

రుచి, శుచి మా ప్రత్యేకత
ఫుల్ మీల్స్ అన్‌లిమిటెడ్ 160
కూర, వేపుడు ఒకసారి మాత్రమే
పెరుగు ఒక కప్పు, రెండో కప్పు 20
ఒక మీల్స్ ఇద్దరు తినరాదు
జి.ఎస్.టి. అదనం

ఛందస్సు

ఆరు పాదాలున్నాయి కనుక షట్పది. ఈగకూ ఆరు పాదాలే. వ్యాఖ్యాత చూసిన సమయంలో అది కూడా మొదటి పాదంలో ‘శుచి’ మీదే వాలి ఉంది.

ఒకటో పాదం

రుచి = నాలుకకు ఇంపు; శుచి = శుభ్రత; మా = మాకు మాత్రమే చెందిన; ప్రత్యేకత = ఇతరులకు లేని గుణము. పక్క హోటల్లో ఈ రెండూ లేవని తాత్పర్యం. పక్క హోటల్ గోడ మీద కూడా ఇదే పాదం ఉండడం వల్ల ఎవరి మాట నమ్మాలో తెలియక ఆకలే నిర్ణయిస్తుంది. ఆకలి రుచెరగదన్న సామెత హోటళ్ళ పాలిటి వరం.

రుచికి ప్రత్యక్షమే ప్రమాణం, నాలుక చాలు. శుచికి శబ్ద ప్రమాణం ఒకటుంది. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే లైసెన్సు మీద 14 అంకెల సంఖ్య ఉంటుంది. దాన్ని గోడకు తగిలించాలి. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద కూడా అచ్చు వేయాలి. ఇక్కడ అది ఫ్రేము కట్టించి ఉంది గానీ దానిమీద కొత్త సంవత్సరం క్యాలెండరు వేలాడుతోంది.

రెండో పాదం

వివాదమంతా ‘అన్‌లిమిటెడ్’ దగ్గరే. లిమిట్ లేనిది ఏదో అది అన్‌లిమిటెడ్ అని విగ్రహవాక్యం, నఞ్ బహువ్రీహి. బహువ్రీహిలో అన్యపదార్థం ప్రధానం. ఆ అన్యపదార్థం ఏది? అన్నమని యజమాని మతం. ధర అని కొందరు. పోయినేడు ఇదే పాదం చివర 140 ఉండేదట, దిద్దిన రంగు కింద నాలుగు ఇంకా కనిపిస్తోంది. బల్ల ఖాళీ అయ్యేదాకా తినేవాడి కుర్చీ వెనక నిలబడడమని మరికొందరు. ప్రాచీనులు మాత్రం, “ముందు కింది పాదం చదవరా అబ్బాయ్” అన్నారు.

మూడో పాదం

ఇది విరోధాభాసం. పై పాదంలో లిమిట్ లేదన్నాడు, ఈ పాదంలో ఒకసారే అన్నాడు. ఈ విరోధం పరిహారమయ్యేది సర్వరు చేతిలో.

ఆ చేతిని దగ్గరగా చూడాలి. దొండకాయ వేపుడు బకెట్లో గరిటె నిండా ముంచుతాడు. పైకి తీసి, బకెట్ అంచుకు ఒక్కసారి ‘టక్’మని తడతాడు. గరిటెలోది సగం తిరిగి బకెట్లోకి జారుతుంది. మిగిలింది ఆకులో పడుతుంది. అదే మనిషి, అదే చెయ్యి, సాంబారు బకెట్టుతో వచ్చినప్పుడు ఆ తట్టు ఉండదు. ఆకులో అన్నం దీవి అయ్యేదాకా పోస్తాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. కూర బకెట్టు పట్టుకున్నంతసేపూ వాడు యజమాని మనిషి, సాంబారు బకెట్టు అందుకోగానే మన మనిషి.

వేపుడు నల్లగా ఉంది. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పుందని ఊహించినట్టే వేపుడు నలుపును బట్టి నూనె వయసు ఊహించవచ్చు. ఇది అనుమాన ప్రమాణం. మళ్ళీ మళ్ళీ కాగిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన. ఒకసారి మాత్రమే అన్న మాట కూరకు వర్తించినట్టు నూనెకు వర్తించలేదని ధ్వని.

నాలుగో పాదం

పెరుగు = తోడుకున్న పాలు; ఒక కప్పు = మూత పెట్టదగినంత చిన్న ప్లాస్టిక్ పాత్ర. రెండో కప్పుకు 20 అన్నాడు కనుక మొదటి కప్పు విలువ కూడా 20 అని తేలుతోంది. ఈ బోర్డు మీద విడిగా ధర తెలిసిన తినుబండారం ఇదొక్కటే. పెరుగు అయిపోయినవాడికి మజ్జిగ ఉంది, అది అన్‌లిమిటెడ్.

ఐదో పాదం

స్పష్టం. వ్యాఖ్య అనవసరం.

ఆరో పాదం

అదనం = పైన. ఎంత పైన అన్నది మూలంలో లేదు. 2017 జులైలో ఈ పన్ను వచ్చినప్పుడు ఫ్యాను హోటల్లో 12 శాతం, ఏసీ హోటల్లో 18 శాతం. అదే ఏడు నవంబరు 15 నుంచి మామూలు హోటళ్ళలో చల్లగాలికీ వేడిగాలికీ భేదం పోయి 5 శాతమైంది. 160 మీద 8 రూపాయలు. 4 కేంద్రానికి, 4 రాష్ట్రానికి. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న హోటలైతే ఈ పాదం రాయనే కూడదు. పన్ను తన రాబడిలోంచి కట్టుకోవాలే తప్ప తినేవాడి దగ్గర వసూలు చేయకూడదు. ఆ సంగతి బిల్లు పైభాగంలోనే వేయాలి.

పాఠభేదం: పెద్ద హోటళ్ళ ప్రతుల్లో ఇక్కడ ‘సర్వీస్ ఛార్జి 10 శాతం’ అని మరో పాదం కనిపిస్తుంది. అది ప్రక్షిప్తం. దాన్ని దానంతట అదే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న చెప్పింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మాటనే నిలబెట్టింది. ప్రక్షిప్తాన్ని పరిహరించమని అడగవచ్చు. వినకపోతే 1915కు ఫోను చేయవచ్చు.

పూర్వపక్షం

ఇదంతా దోపిడీ అని నవ్యులు, అంటే ఆ పూట నేను. లెక్క చూస్తే విలువైన ప్రతిదానికీ ఇక్కడ కొలత ఉంది: కూరకు, వేపుడుకు, పెరుగుకు. చెంచాడు నెయ్యి వేసిన మనిషైతే తోకచుక్కలా మళ్ళీ కనిపించలేదు. కొలత లేనివి అన్నం, సాంబారు, చారు, మజ్జిగ. అంటే చవకైన వాటికే లిమిట్ లేదు. మరి 160కి న్యాయమెక్కడ?

సిద్ధాంతం

ప్రాచీనులు గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకుంటూ ఇలా సమాధానం చెప్పారు. “వాడి అద్దె, వాడి జీతాలు, పంతొమ్మిది కేజీల సిలిండరు. పిండి కొద్దీ రొట్టె. కూర కూడా అన్‌లిమిటెడ్ అంటే రేపు బోర్డు ఉండదు. ఇంకో సంగతి. నువ్వు రెండోసారి అన్నం పెట్టించుకోవు. ఆ మూలన లారీ డ్రైవరు నాలుగోసారి పెట్టించుకుంటున్నాడు. వాడి నాలుగో వడ్డనకు నీ దగ్గరా కొంత లాగాడు. తప్పేంటి?”

“మరి మనం పెట్టిన డబ్బుకి తగ్గ తిండో కాదో ఎలా తెలుస్తుంది, బాబాయ్?”

దీనికి స్థాలీపులాక న్యాయం చెప్పారు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. అయితే హోటల్లో పట్టి చూడాల్సిన మెతుకు ఏదన్నదే ప్రశ్న. గుత్తొంకాయ కాదు, దానికోసం జనం వస్తారు కనుక బాగా చేస్తారు. పెరుగు కాదు, దానికి వేరే ధర ఉంది. పట్టి చూడాల్సింది చారు.

చారు కోసం ఎవరూ హోటలుకు రారు. చారు బాగాలేదని ఎవరూ పోట్లాడరు. పొద్దుటి సాంబారులో నీళ్ళు కలిపి మరిగించినా అడిగేవాడు లేడు. మిరియాలు, జీలకర్ర అప్పటికప్పుడు దంచి, చింతపండు పులుపు చూసుకుని, నేతిలో ఇంగువ పోపు వేసినా దానికి పైసా రాదు. తమిళుల ‘మిళగు తణ్ణి’ని, అంటే మిరియాల నీళ్ళను, తెల్లదొరలు ‘ముల్లిగటానీ’ చేసి సూపుల జాబితాలోకి ఎక్కించారు. అక్కడికి వెళ్ళాక దానికీ ధర వచ్చింది. మెస్సు చారుకు ఇంకా రాలేదు. ధర లేని చోట శ్రద్ధ పెట్టినవాడు ధర ఉన్న చోట మోసం చేయడని ప్రాచీనుల సిద్ధాంతం.

ఉదాహరణ

చారు వచ్చింది. బాబాయి అన్నంలో కలుపుకోలేదు. స్టీలు గ్లాసు చాపాడు. సర్వరు పోశాడు, అంచుకు తట్టలేదు. బాబాయి వాసన చూసి, ఒక గుక్క తాగి, గొంతులో మిరియం ఘాటు దిగేదాకా కళ్ళు మూసుకున్నాడు. గ్లాసు మళ్ళీ చాపాడు. మూడోసారి చాపకముందే సర్వరు ఆగి, “ఇంకొంచెం పొయ్యనా, బాబాయ్?” అన్నాడు.

నా బాబాయిని వాడు బాబాయ్ అనడం బోర్డులో ఏ పాదానికీ అన్వయించదు.

ఇద్దరికీ 336 అయింది. బాబాయే ఇచ్చాడు. చిల్లర లెక్కపెట్టుకుని, సోంపు నోట్లో వేసుకుని, “వేపుడు నూనె మార్చమని చెప్పండి. చారు మాస్టరుని మార్చకండి” అని గల్లాపెట్టెతో అన్నాడు. గల్లాపెట్టె తల ఊపింది. ఏ సగానికి ఊపిందో వ్యాఖ్యాతకు స్పష్టం కాలేదు.

ఫలశ్రుతి

ఈ టీకను భోజనానికి ముందు చదివినవారికి కూర రెండోసారి రాదు. భోజనం మధ్యలో చదివినవారికి చారు చల్లారిపోవును. తిన్నాక చదివినవారు ముందు లేచి చెయ్యి కడుక్కోవలెను. కుర్చీ వెనక ఒకాయన నిలబడి ఉన్నాడు.